చేప కంట తిరిగొచ్చే చూపు

చేప కంటి లోపలి పొర దెబ్బతింటే చాలా జాతుల్లో అది మళ్లీ మొలుస్తుంది. చచ్చిపోయిన నాడీకణాల చోట కొత్త కణాలు పుడతాయి. కొన్ని వారాల్లో పొర దాదాపు మునుపటి మందానికి వస్తుంది, మరికొన్ని వారాలకో నెలలకో ఆ కంటితో చేప మళ్లీ చూడగలుగుతుంది. మనిషి కంట్లో ఇందులో ఏదీ దానంతటది జరగదు. ఈ విషయం మీద తెలుగులో అక్కడక్కడా వచ్చే రాతలు కొత్త కణాలు పుట్టడం దగ్గరే ఆగిపోతాయి, చూపు దాని వెంట తప్పకుండా వస్తుందన్నట్టు మాట్లాడతాయి. కణం తిరిగి రావడం ఒకటి, చూపు తిరిగి రావడం ఇంకొకటి. రెండింటికీ మధ్య పెద్ద దూరం ఉంది. ఆ దూరాన్ని చేప నిజంగానే దాటుతుంది, కానీ తడబడుతూ, పాత అల్లికను అచ్చంగా తిరిగి అల్లకుండానే దాటుతుంది. మనిషి కంటి వైద్యానికి ఎక్కువ ఆశ ఇచ్చే సంగతి ఈ అసంపూర్ణతే అని నా వాదన.

ఆ ఆశ ఎవరికి అవసరమో చూడటానికి ఖానాపూర్ నుంచి మొదలుపెడదాం. గోదావరి ఒడ్డునున్న ఈ ఊరు 2016లో జిల్లాలు విడగొట్టేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. మండలంలోనే సదర్‌మాట్ ఆనకట్ట, పక్కనే కడెం జలాశయం. బొచ్చె, రవ్వు, కొర్రమీను ఇక్కడి బతుకుతెరువులో భాగం. కంటిజబ్బు కూడా ఈ ప్రాంతానికి పాతదే, దాని లెక్క మన దగ్గర ఉంది. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద కంటి సర్వే చేసింది. హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్‌లతో పాటు ఎంచుకున్న నాలుగో చోటు ఆదిలాబాద్. మొత్తం 10,293 మందిని పరీక్షించి, జనాభాలో 1.84 శాతం మందికి అంధత్వం ఉందని అంచనా కట్టారు. అందులో 44 శాతం శుక్లం వల్ల, అంటే మన పల్లెల్లో మోతిబిందు అనేదాని వల్ల వచ్చింది. ఇంకో 16.3 శాతం సరైన అద్దాలు లేకపోవడం వల్ల. ఇక్కడే ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది: గుడ్డితనంలో అరవై శాతం చిన్న ఆపరేషన్‌తోనో కళ్లజోడుతోనో పోయేదైతే, డబ్బూ బుద్ధీ అక్కడ పెట్టకుండా చేప కంటిని తవ్వుకోవడం ఎందుకు? అక్కడ పెట్టాల్సిందే, పెట్టారు కూడా. అదే సంస్థ ఉమ్మడి ఆదిలాబాద్‌లోని ముథోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి నడపడం ఆ పనిలో భాగమే. కానీ శుక్లాలు తీసేకొద్దీ మిగిలిన నలభై శాతం వాటా పెరుగుతుంది తప్ప తగ్గదు. ఆ నలభైలో నల్లగుడ్డు జబ్బులున్నాయి, నీటికాసులున్నాయి, దృక్ నాడి ఎండిపోవడం ఉంది, రెటీనా జబ్బులున్నాయి. నల్లగుడ్డు పైపొరకు దాని అంచులోనే మూలకణాలున్నాయి. వాటిని పెంచి, కాలిన కంటికి అతికించే వైద్యం హైదరాబాద్‌లో రెండు దశాబ్దాలుగా జరుగుతోంది. రెటీనాకు మనిషిలో అలాంటి పనిచేసే నిల్వ లేదు. చేప విషయం మనకు అవసరమయ్యేది ఇక్కడే.

ఆ పొరను కాస్త దగ్గరగా చూడాలి. బడి పుస్తకాల్లో నేత్రపటలం అనే రెటీనా కంటి వెనక గోడకు అంటుకున్న పలుచని కణజాలం, మందం దాదాపు పావు మిల్లీమీటరు. మనిషి కంట్లో ఆ పావు మిల్లీమీటరులోనే సుమారు 12 కోట్ల దండాలు, 60 లక్షల కోనులు, వాటి సంకేతాలను అందుకుని వడగట్టే మధ్యవరస కణాలు, చివరకు మెదడుకు తీగలు పంపే పదిలక్షలకు పైగా గాంగ్లియన్ కణాలు ఉంటాయి. మసక చీకట్లో చూపు దండాలది, రంగూ వివరమూ కోనులవి. మనకు కోనులు మూడు రకాలైతే జీబ్రా చేపకు నాలుగు. ఎరుపు, పచ్చ, నీలం కాక, మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని పట్టే రకం ఒకటి అదనం. పైగా చేప కంట్లో ఈ నాలుగు రకాలూ చెల్లాచెదురుగా ఉండవు, నేత నేసినట్టు వరసలు కట్టి ఉంటాయి. ఈ పొరలన్నింటినీ పైనుంచి కింది దాకా గుచ్చినట్టు నిలబడే సన్నని పొడుగు కణాలు ఇంకొన్ని ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం నడుమ జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ మ్యూలర్ వాటిని వర్ణించాడు కాబట్టి మ్యూలర్ కణాలంటాం. అవి నాడీకణాలు కావు. చుట్టూ ఉన్న నాడీకణాలకు తిండి పెడతాయి, వ్యర్థం ఎత్తిపోస్తాయి, 2007లో తేలినట్టు కాంతిని కింది పొరకు చేరవేసే సన్నని గొట్టాల్లా కూడా పనిచేస్తాయి. పంట చేనులో మంచెకు నిలబెట్టిన గుంజలాంటి ఈ కణాలే చేప కంట్లో కొత్త పంటకు విత్తనం కూడా.

అది తేలడానికి చాలాకాలం పట్టింది. చేప జీవితాంతం పెరుగుతుంది, దాంతోపాటు కన్నూ పెరుగుతుంది. రెటీనా అంచున చెట్టు మానులో ఏటేటా ఒక వలయం చేరినట్టు కొత్త కణాల వరస చేరుతూనే ఉంటుంది, లోపల దండాలు మాత్రం మధ్యలో కూడా కొత్తవి దూరుతుంటాయి. అందుకే మొదట్లో చాలామంది గాయం మానడానికి ఈ అంచే మూలం అనుకున్నారు. గోల్డ్‌ఫిష్ కంట్లోకి వాబెయిన్ అనే విషాన్ని సూదితో ఎక్కించి రెటీనాను చంపి చూసిన ప్రయోగాలు ఆ ఊహను కదిలించాయి. ఆఫ్రికాలో బాణాల ములుకులకు పూసిన చెట్టు రసం నుంచి తీసిన విషం అది. అంచుకు దూరంగా, రెటీనా నడిమధ్యలో కూడా కొత్త కణాల గుంపులు కనిపించాయి. 2000లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో విహ్‌టెలిక్, హైడ్ తెల్ల జీబ్రా చేపలను రోజుల తరబడి తీవ్రమైన వెలుతురులో ఉంచి దండాలనూ కోనులనూ మాత్రమే చంపితే, అవి కొన్ని వారాల్లో తిరిగి వచ్చాయి. 2006 నాటికి మిచిగన్‌లో ఫాసెట్, గోల్డ్‌మన్ గుర్తు వేసి వెంబడించి, కొత్త కణాలకు తల్లి మ్యూలర్ కణమే అని చూపించారు. జరిగేది ఇది. పక్క కణాలు చస్తూ విడుదల చేసే పదార్థాలు మ్యూలర్ కణానికి కబురు మోస్తాయి. అది తన పాత వృత్తిని కొంత మరిచి మళ్లీ పసికణంలా మారుతుంది. ఆ మార్పుకు తాళంచెవి లాంటి జన్యువు ఆస్కల్1ఎ అనీ, అది లిన్28 అనే మరో జన్యువు ద్వారా పనిచేస్తుందనీ 2010లో రాజేశ్ రామచంద్రన్, ఫాసెట్, గోల్డ్‌మన్ చూపారు. తర్వాత మ్యూలర్ కణం ఒక్కసారి విడిపోతుంది. ఒక పాలు మళ్లీ మ్యూలర్ కణంగానే మిగులుతుంది, రెండోది పదేపదే విడిపోయి పిల్లల గుంపవుతుంది. ఆ పిల్లలు తల్లి కణాన్నే నిచ్చెనగా పట్టుకుని తమ తమ వరసలకు ఎక్కుతారు. తల్లి పోకుండానే పంట వస్తుంది కాబట్టి మరోసారి దెబ్బ తగిలినా మళ్లీ మొలిచే వీలుంది.

ఇంతవరకు చెప్పింది కణాల కథ. చూపు వచ్చిందా అని అడగడానికి చేపకు అక్షరాల పట్టిక చూపించలేం. అందుకే పరిశోధకులు వేర్వేరు లోతుల్లో అడిగారు. మొదటిది ఎలక్ట్రోరెటినోగ్రామ్. కంటిపైన సన్నని తీగ ఆనించి, వెలుగు మెరిపించి, రెటీనా పుట్టించే విద్యుత్తును కొలవడం అది. మొదటి అల దండాలూ కోనులవి, రెండోది మధ్యవరస కణాలవి. రెండోది వచ్చిందంటే కొత్త కణాలు కేవలం కూర్చోలేదు, పక్క వరసతో మాట్లాడుతున్నాయి అని అర్థం. 1999లో మెన్సింగర్, పవర్స్ గోల్డ్‌ఫిష్ మీద చేసిన పనిలో విషం ఎక్కించిన కంట్లో ఈ అలలు పూర్తిగా చదునై, తర్వాత నెమ్మదిగా లేచాయి. కానీ రెటీనా మాట మెదడు దాకా చేరిందా అన్నది ఆ అలలు చెప్పలేవు. అది చెప్పేది చేప నిలబడే తీరు. వెలుతురు పైనుంచి వస్తుంది కాబట్టి చేప రెండు కళ్లకూ సమానంగా పడే వెలుగును బట్టి వీపు పైకి ఉంచుకుంటుంది. ఒక కంటి చూపు పోతే వెలుగంతా చూపున్న వైపు నుంచే వస్తున్నట్టు తోచి, వీపును ఆ పక్కకు వాల్చి ఈదుతుంది. అక్వేరియం ముందు నిలబడి చూసేవాళ్లకు ఎవరికైనా తెలిసిపోయే వంపు అది, డిగ్రీల్లో కొలవచ్చు. కొత్త రెటీనా మొలిచే కొద్దీ ఆ వంపు సర్దుకుంటూ వచ్చి, చేప నిటారుగా నిలబడుతుంది. దానికోసం కొత్త గాంగ్లియన్ కణాల తీగలు దృక్ నాడి పొడవునా ప్రయాణించి మెదడులో సరైన చోటు చేరాలి. జీబ్రా చేపలో కూడా ఇది జరిగింది, వారాల లెక్కలో కాదు, నెలల లెక్కలో.

ఈ ఫలితం మీద వచ్చే మొదటి ఆక్షేపణ గట్టిది. విషం తగిలినా అన్ని కణాలూ చావకపోవచ్చు, మిగిలిన పాత కణాలే కోలుకుని పని మొదలుపెట్టాయేమో, కొత్తవి పక్కన ఉత్తినే నిలబడ్డాయేమో? దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే సరిగ్గా ఇలాంటి పొరపాటు ఎలుకల్లో జరిగింది. 2020లో పీటీబీపీ1 అనే ఒకే జన్యువును అణచితే ఎలుక కంట్లో మ్యూలర్ కణాలు గాంగ్లియన్ కణాలుగా మారి చూపు తెచ్చాయని పెద్ద వార్త వచ్చింది. తర్వాత కచ్చితమైన వంశ గుర్తులతో పరీక్షిస్తే ఆ మార్పు కనబడలేదు. మ్యూలర్ కణాలకే వేశామనుకున్న రంగు ముందే ఉన్న నాడీకణాలకు కూడా అంటుకుని, పాతవి కొత్తవిగా కనబడ్డాయి. చేపలో ఈ అనుమానానికి జవాబు మూడు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, దెబ్బ తర్వాత పుట్టిన కణాల్లోనే చేరే గుర్తును వాడి కొత్తవాటిని వేరుచేశారు. రెండు, విద్యుత్తు అలలు ముందు పూర్తిగా ఆగిపోయాయి. మూడు, చూపు తిరిగొచ్చే కాలం కొత్త కణాలు పుట్టి అల్లుకునే కాలంతో సరిపోతుంది. పాత కణాలు కోలుకోవడమే కారణమైతే అంత ఆలస్యం కావాల్సిన పని లేదు. ఏదో ఒక్కటే రుజువు కాదు, మూడూ కలిస్తేనే నమ్మకం నిలబడుతుంది.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది: వీపు సర్దుకోవడం ఒక ప్రతిక్రియ, అది చూడటం ఎలా అవుతుంది? వెలుగు ఎటుందో తెలిస్తే చాలు వంపు పోతుంది, ఆకారం కనబడనక్కర్లేదు. నిజమే. అందుకే ఇంకా సున్నితమైన పరీక్షలు వచ్చాయి. తిరిగే చారల పీపా మధ్య చేపను ఉంచితే కళ్లు చారల వెంట తిరుగుతాయి. చారలు సన్నగా చేస్తూ పోతే ఎంత వివరం కనబడుతుందో తెలుస్తుంది. గోల్డ్‌ఫిష్‌కు వెలుగు కనబడగానే శ్వాస వేగం మారేలా అలవాటు చేసి, ఎంత మసక వెలుగును పసిగట్టగలదో కూడా కొలిచారు. తీవ్రత, దిశ ముందు వస్తాయి. సన్నని వివరం తర్వాత, కొన్నిసార్లు అసంపూర్ణంగా. దానికి కారణం సూక్ష్మదర్శిని కింద దొరుకుతుంది. కామెరాన్, ఈస్టర్ 1995లో చూపినట్టు, తిరిగి మొలిచిన చేప రెటీనాలో కోనుల నేత వరస తప్పి ఉంటుంది. కోనుల రకాలు ఉంటాయి, పడుగుపేకల్లా అమరవు. 2016లో డోరాజి, రేచెల్ వాంగ్ బృందం జీబ్రా చేప పిల్లల్లో మధ్యవరస కణాలను తొలగించి, మళ్లీ పుట్టాక పరిశీలిస్తే, కొత్త కణాల అతుకులు మొదటిసారి పెరిగినప్పటి అతుకులకు సరిపోలలేదు. మొదటిసారి పిండంలో కణాలన్నీ ఒక వరుస క్రమంలో పుడతాయి. రెండోసారి కొత్త కణం ముందే స్థిరపడిన పాత ఇరుగుపొరుగు మధ్యకు వచ్చి చోటు వెతుక్కోవాలి. పాత ఊళ్లో కొత్త ఇల్లు కట్టినట్టు ఉంటుందది.

అయినా చేప నిటారుగా నిలబడుతుంది, వెలుగును పట్టుకుంటుంది, కదిలే చారల వెంట చూస్తుంది. నా వాదనకు మూలం ఇదే. చూపు ఒక్క తీగ తెగితే ఆరిపోయే దీపం కాదు. తప్పులతో కూడిన సంకేతాన్నీ సర్దుకుని వాడుకునే మెదడు అవతల ఉంది. మనుషుల్లో కూడా దీనికి సాక్ష్యముంది. పుట్టు శుక్లంతో ఏళ్లు గుడ్డిగా పెరిగి, ఆలస్యంగా ఆపరేషన్ అయిన ఉత్తర భారత పిల్లలను పవన్ సిన్హా బృందం ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో పరిశీలించింది. వాళ్లకు సూక్ష్మమైన చూపు పూర్తిగా రాలేదు, కానీ ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టడం నెలల మీద మెరుగైంది. 2021లో రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా జబ్బుతో దశాబ్దాలుగా గుడ్డివాడైన ఒక యూరప్ రోగి కంట్లో గాంగ్లియన్ కణాలకే కాంతిని పట్టే గుణం అమర్చి, ప్రత్యేక కళ్లజోడు పెడితే, బల్ల మీది వస్తువులను వెతికి తాకగలిగాడు. అక్కడ సంకేతం కోనుల నుంచి రాలేదు, మధ్యవరస గుండా రాలేదు, అది సహజమైన సంకేతమే కాదు. అయినా ఆ మాట మెదడు అర్థం చేసుకుంది. కాబట్టి మనిషి రెటీనాను అచ్చం మునుపటిలా కట్టగలిగితే తప్ప లాభం లేదన్న నిరాశకు ఆధారం లేదు. మబ్బు తొలగి గడప, మెట్టు, ఎదుటి మనిషి ఆకారం తెలిసేంత చూపు వస్తే, ఖానాపూర్ చుట్టుపక్కల అడవి పల్లెలో ఉన్నవాళ్లకు అది పెద్ద లాభం.

ఇక్కడ మామూలుగా వినబడే మాట: చేప వేరు, మనిషి వేరు, జీవితాంతం పెరిగే జీవికి ఈ శక్తి ఉండటం సహజమే కదా. ఇది సగమే నిజం. జపాన్ వరిమళ్లలో ఉండే మెడాకా చేప కూడా జీవితాంతం పెరుగుతుంది, అంచున కొత్త కణాలూ పుట్టిస్తుంది. కానీ 2018లో లుస్ట్, విట్‌బ్రోట్ చూపినట్టు దాని మ్యూలర్ కణాలు దండాలనూ కోనులనూ మాత్రమే పుట్టిస్తాయి, లోపలి వరసలను కాదు. సాక్స్2 అనే జన్యువు దెబ్బ తర్వాత ఆరిపోకుండా వెలిగించి ఉంచితే మెడాకా మ్యూలర్ కణం కూడా లోపలి కణాలను పుట్టించింది. చేపకూ చేపకూ మధ్యనే తేడా ఉందంటే, ఆ తేడా ఒక జన్యువు స్విచ్ దగ్గర ఉందంటే, జీవితాంతం పెరగడమే కారణమనే వాదన నిలవదు. ఎలుకలోనూ శక్తి చచ్చిపోలేదు, అణచబడి ఉంది. 2020లో హోయాంగ్, బ్లాక్‌షా, హైడ్ తదితరులు చేప, కోడి, ఎలుకల మ్యూలర్ కణాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎలుకలో కూడా దెబ్బ తర్వాత మేల్కొనే దశ కనబడింది. తర్వాత ఎన్ఎఫ్ఐ కుటుంబపు ప్రోటీన్లు దాన్ని వెనక్కి నిద్రపుచ్చుతున్నాయి, వాటిని తీసేస్తే కొన్ని కొత్త నాడీకణాలు పుట్టాయి. అంతకుముందు 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో థామస్ రే బృందం ఎలుకకు చేప తాళంచెవి లాంటి ఆస్కల్1నీ, డీఎన్ఏ చుట్టలను (క్రోమాటిన్) సడలించే మందునూ కలిపి ఇస్తే, కొత్తగా వచ్చిన మధ్యవరస కణాలు వెలుగుకు స్పందించాయి. 2025లో దక్షిణ కొరియా పరిశోధకులు ఎలుక మ్యూలర్ కణాల్లోకి పక్క కణాల నుంచి ప్రాక్స్1 అనే ప్రోటీన్ చేరి వాటిని బిగించేస్తోందనీ, దాన్ని యాంటీబాడీతో అడ్డుకుంటే కణాలు కదులుతాయనీ చెప్పారు. ఇది మరికొన్ని ప్రయోగశాలల్లో నిలబడాలి. పీటీబీపీ1 అనుభవం తర్వాత ఆ జాగ్రత్త అవసరం. మ్యూలర్ కణాన్ని లేపడంలో ప్రమాదమూ ఉంది: మనిషిలో రెటీనా ఊడిపోయిన కంట్లో ఇవే కణాలు అదుపు తప్పి పెరిగితే మచ్చ కట్టి, ఉన్న చూపునూ లాగేస్తాయి.

మిగిలిన అడ్డంకి కాలం. పైన చెప్పిన ప్రయోగాలన్నింటిలో చేపకు దెబ్బ ఒక్కసారిగా తగిలింది: విషం, వెలుతురు, కోత. ఖానాపూర్ మనిషికి రెటీనా జబ్బు అలా రాదు. రేచీకటితో మొదలై, పక్కచూపు ముడుచుకుపోయి, ఇరవై ముప్ఫై ఏళ్ల మీద చూపు ఆరిపోతుంది. మేనరికం పెళ్లిళ్లున్న మన కుటుంబాల్లో రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి అంతర్గత (తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అందితేనే బయటపడే) జన్యు జబ్బులు అన్నదమ్ములిద్దరికీ వచ్చే సందర్భాలు కంటి డాక్టర్లందరికీ తెలుసు. అలా నెమ్మదిగా కణాలు రాలుతుంటే చేప కూడా అదే ఉత్సాహంతో స్పందించదు. దండాలు మాత్రమే కొద్దికొద్దిగా చచ్చే జీబ్రా చేప రకాల్లో మ్యూలర్ కణం పూర్తిగా మేల్కోదు, ముందునుంచీ దండాలను పుట్టించే చిన్న నిల్వ మాత్రమే పని పెంచుతుంది. ఒక్కసారిగా పడే పెద్ద దెబ్బ అలారం లాంటిది, నెమ్మది నష్టంలో ఆ అలారం మోగదు. పైగా మనిషి రెటీనా దండాలూ కోనులూ పోయాక ఖాళీగా కూర్చోదు. మిగిలిన వరసలు ఏళ్ల మీద తప్పు తప్పుగా అల్లుకుంటాయి, తర్వాత కొత్త కణం వచ్చినా అతుక్కోవడానికి సరైన చోటు దొరకదు. కాబట్టి ఈ వైద్యం మనిషి దాకా వస్తే, అది ముందు పనికొచ్చేది పూర్తిగా ఆరిపోయిన కంటికి కాదు, ఇంకా మధ్యవరసలు నిలబడి ఉన్న కంటికి. ఎవరి కన్ను ఏ దశలో ఉందో, ఏ జన్యువు దాన్ని తింటోందో ముందే తెలియాలి. ఎల్.వి. ప్రసాద్ సంస్థలో చిత్రా కన్నబిరాన్ ఏళ్ల తరబడి చేసిన జన్యు అధ్యయనాలూ, అక్కడే మూలకణాల నుంచి పెంచుతున్న చిన్న రెటీనా ముద్దలూ, సీసీఎంబీ పరిశోధన సంస్థలో జీబ్రా చేపల తొట్లూ ఈ పనికి చెందినవే. ముథోల్ దాకా బస్సెక్కి వచ్చి, చీకట్లో దారి తెలియట్లేదని చెప్పే పదిహేనేళ్ల పిల్లవాడి కంట్లో మధ్యవరసలు ఇంకా చాలావరకు నిలిచే ఉంటాయి.